పేరమ్మ మేకు

చీరాల నేతపేట సందులో ఖైరున్నీసా పొద్దున్నే కుట్టుమిషను దులిపి, నాలుగు నూనెచుక్కలేసి, గోడమీది మేకులన్నీ ఓసారి చూసుకుంటుంది. మేకుకొక జాకెట్టు కాగితం, గుడ్డ కత్తిరించడానికి ఎవరి కొలతకి వాళ్ళది. ఒక్కదానిమీదా పేరుండదు. ఏ మేకు ఎవరిదో ఆవిడకి తెలుసు, చాలు.

ఆ కాగితం మన సరుకు కాదు. చలికాలం స్టేషను దగ్గర స్వెట్టర్లమ్మే నేపాలీ ఆవిడ తెచ్చిస్తుంది. హిమాలయాల్లో ఏదో పొద బెరడు ఉడకబెట్టి, దంచి, చట్రంలో పోసి ఎండబెడతారట. అక్కడ పొలం పత్రాలూ పూజ పుస్తకాలూ దీనిమీదే రాస్తారట, పురుగు ముట్టదట. పొదని నేలమట్టంగా నరికినా మళ్ళీ లేస్తుందట. కాగితానికీ ఆ బుద్ధే వచ్చింది. ఎవరి కొలతమీద కోస్తే వాళ్ళతోపాటే పెరుగుతుంది, తరుగుతుంది. పేటలో ఇదేం వింత కాదు. పెళ్ళి కుదిరిన దీప్తి అయితే రోజూ గుమ్మంలోంచే అరుస్తుంది.

"పిన్నీ, నా కాగితం తగ్గిందా?"

"ఎక్కడే! రాత్రి బిర్యానీ లాగించావుగా, వేలెడు పెరిగింది."

శ్రావణమాసం ముందు ఒకరోజు ఖైరున్నీసా పేరమ్మ మేకు దగ్గర ఆగిపోయింది. కాగితానికి చంక కింద శనగగింజంత ఉబ్బు! తడి తగిలిందేమోనని ఇస్త్రీ పెట్టింది. అణిగింది. మర్నాడు మళ్ళీ లేచింది. "నీ మొహం మండ!" అని ఆ ముక్క కత్తిరించి పారేసింది. తెల్లారేసరికి చిల్లు పూడింది, ఉబ్బు వచ్చి కూర్చుంది.

ఖైరున్నీసా వాళ్ళమ్మ పోయింది అలాంటి గడ్డతోనే. పేరమ్మ అంటే పక్కింటి మగ్గం మనిషి, పాతికేళ్ళ స్నేహం, ఒడ్డూ పొడుగూ కూడా ఇద్దరిదీ ఒకటే. పిలిచి టేపు పెట్టి మూడుసార్లు కొలిచింది. నూలుపోగంత తేడా లేదు. టేపు నిజమా, కాగితం నిజమా? ఎటూ తేలలేదు.

"ఏంటొదినా, ఇంతసేపు కొలుస్తున్నావ్?"

"నీకు చంకలో ఏమన్నా తగులుతోందా?"

"చెమట తగులుతోంది. ఏం?"

ఖైరున్నీసా కాగితం చూపించింది. ఇద్దరూ మర్నాడే కాగితం సంచిలో పెట్టుకుని ఒంగోలు ఆసుపత్రికి వెళ్ళారు.

డాక్టరమ్మ నొక్కి చూసింది, స్కానింగ్ తీయించింది. "ఏమీ లేదమ్మా, నిక్షేపంలా ఉన్నారు" అంది.

పేరమ్మ బయటికొచ్చి బల్లమీద కూలబడి కళ్ళు తుడుచుకుంది. ఖైరున్నీసాకి సంతోషమూ వేసింది, మతీ పోయింది. ఇన్నేళ్ళలో కాగితం ఒక్కసారీ అబద్ధం చెప్పలేదే! సంచిలోంచి తీసి చూస్తే ఉబ్బు అక్కడే ఉంది.

"వదినా, ఇది ఎప్పుడు కోశావు?" అనడిగింది పేరమ్మ.

"నిరుడు దసరాకి. రమ్మంటే నువ్వు మగ్గం దిగందే!"

"మరి నేను రాకుండా ఎలా కోశావు?"

"ఎలాగేంటి, ఇద్దరిదీ ఒకటే కొలత కదాని నా జాకెట్టే పరిచి..."

అంటూ చేతిలో కాగితం వంక చూసుకుంది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ కాగితం కోసిన మనిషి తనకంటూ ఒకటి కోసుకోలేదు. మేకు పేరమ్మది, ఒళ్ళు తనది.

"నాకేంటి, నేను బానే ఉన్నా" అంటూనే చెయ్యి చంక కిందికి పోనిచ్చింది. వేలికి ఏమీ తెలియలేదు.

"నోర్ముయ్. లే!" అని పేరమ్మ రెక్క పట్టుకుని లేపింది. తలుపు తోసి, "డాక్టరమ్మా, చూడాల్సింది నన్ను కాదండీ, ఈవిణ్ణి" అంది.

స్కానింగులో శనగగింజంత కనబడింది. "చేతికి కూడా అందదమ్మా ఇది. ఆర్నెల్లాగి వస్తే నా చేతుల్లో ఉండేది కాదు. ఎవరు చెప్పారు మీకు?" అంది డాక్టరమ్మ. పేరమ్మ కాగితాన్ని మెల్లిగా సంచిలో పెట్టేసింది.

ఆపరేషనై, మందులు అయ్యేసరికి చలికాలం వచ్చింది, నేపాలీ ఆవిడా వచ్చింది. పేరమ్మ మేకుకున్న కాగితంలో ఉబ్బు పోయి చిన్న లొత్త మిగిలింది. పేరమ్మ గోడకి కొత్త మేకు కొట్టి ఆ కాగితాన్ని దానికి మార్చింది.

"ఇది నీ మేకు. రోజూ ముందు దీన్ని చూడు, తర్వాతే మిగతా ఊరు" అంది.

"మరి నీది?"

"టేపు తీసి కొలువు. ఈసారి మగ్గం దిగే వచ్చాను" అంది పేరమ్మ, చేతులు చాపి నిలబడుతూ.