కట్ట మీద రెండు ఏరేటర్లు

నేను ఒక ఏరేటర్ని. రొయ్యల చెరువులో తేలుతూ చక్రాలతో నీళ్లు చిమ్ముతుంటాను. ఆ చిమ్మడంతోనే నీళ్లలోకి గాలి చేరి రొయ్య బతుకుతుంది. ఎక్కువ మాట్లాడే అలవాటు లేదు. తిరిగితే మాత్రం మోత ఎక్కువ.

భీమవరంలో నాగరత్నం మేస్త్రి షెడ్డులో పుట్టాను. రేకు సుత్తితో కొట్టి వంచాడు. ఆఖర్న నా మూత మీద ఎర్ర రంగుతో ‘స్వదేశీ’ అని రాశాడు. ఆ అక్షరాలంటే నాకు మహా గొప్ప.

కలిదిండి దగ్గర చెరువు కౌలుకు చేస్తున్న వీరరాఘవులు నన్ను కొన్నాడు. రెండు మంచి పంటలు పడితే ఆ చెరువు సొంతం చేసుకోవాలని ఆయన ఆశ. ఆయన భార్య మంగతాయారు నాకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేసింది. రాఘవులు కట్ట మీద నా పక్కనే మంచం వేసుకునేవాడు. నా మోత ఆగితే ఆయనకు మెలకువ వచ్చేది. అంతకంటే ఏం కావాలి?

మొదటి పంట బాగా పడింది. ఆ డబ్బుతో వాణ్ని తెచ్చాడు.

వాడూ ఏరేటరే, తైవాన్ నుంచి ఓడలో వచ్చాడట. తెల్లటి ఒళ్లు. కరెంటు తక్కువ తాగుతాడు. మోతే లేదు.

"ఏవండీ, ఇది తిరుగుతున్నట్టే లేదండీ! ఆ పాతదుందే, చెవిలో జోరీగ," అంది మంగతాయారు. కొత్త దండ వాడికి వేసింది. రాఘవులు మంచం ఎత్తుకెళ్లి వాడి పక్కన వేసుకున్నాడు.

ఏడ్చాను. చెరువు నిండా నీళ్లున్నాయి కాబట్టి ఎవరికీ తెలియలేదు.

అప్పుడే నాగరత్నం మేస్త్రి, తోటి షెడ్లవాళ్లు జెండాలు పట్టుకుని ఊరేగారు. పైదేశపు సరుకు మీద సుంకం వెయ్యాలన్నారు. వేశారు. వాడి జాతి ధర పెరిగింది. నన్ను తీసేసి వాడి తమ్ముణ్ని తెద్దామనుకున్న రాఘవులు ఆగిపోయాడు. ఆ సంతోషంలో ఎంత తిరిగానంటే, నా బేరింగు పోయింది.

మెకానిక్కు కరీముల్లా నా మూత విప్పి నవ్వాడు.

"రాఘవులు గారూ, పైన స్వదేశీ అన్రాశాడు గానండి, లోపల బేరింగు ఆళ్లదేనండి. సుంకం దీని మీదా పడిందండి."

"ఇదేం స్వదేశీరా బాబూ!"

"మోటర్లు చెయ్యడం ఆళ్లకి బాగా వచ్చండి. రొయ్యలు పెంచడం మనకొచ్చు. రొయ్యలమ్ముకుని మోటరు కొనుక్కుంటే తప్పేటండి?"

"మరి మేస్త్రి ఏం జేసుకు బతకాల్రా? నీళ్లలో దిగి రొయ్యవుతాడా?"

కరీముల్లా నవ్వడం మానేసి బేరింగు బిగించాడు. నా కడుపులో తిరిగేది వాడి ఊరి ఇనుమే అని తెలిశాక సిగ్గేసింది. ఏడుపు మాత్రం తగ్గలేదు.

రెండో పంట ఇంకా బాగా వచ్చింది. మరో వారంలో రొయ్యల పట్టుబడి అనగా కబురొచ్చింది. మా రొయ్య తినే దేశం మా రొయ్య మీద సుంకం వేసింది. అక్కడి రొయ్యలు పట్టేవాళ్లు మా సరుకు వద్దని గోల పెట్టారట. ఆ ఒడ్డున ఏ పాత పడవ ఇంజనో మా రొయ్యను చూసి నాలాగే ఏడ్చి ఉంటుంది. దాని ఏడుపూ ఫలించింది.

కొనేవాడు మొహం చాటేశాడు. రాఘవులు వచ్చిన ధరకు వదిలించుకున్నాడు. చెరువు సొంతం కాలేదు, కౌలూ వదులుకున్నాడు. నీళ్లు తోడేసి మా ఇద్దర్నీ కట్ట మీదికి ఈడ్పించాడు. వెళ్లే ముందు మంచం ఎత్తుకుని కాసేపు నిలబడ్డాడు. మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు.

వాడు నీళ్లలోంచి బయటికి రావాలని ఎంత కోరుకున్నానో! వచ్చాడు. నా పక్కనే ఉన్నాడు. వాడికీ తుప్పు మొదలైంది.

ఎండిన చెరువులో పురుగులేరుకోవడానికి రోజూ ఒక కొంగ వస్తుంది. వాలడానికి ఇద్దరం ఉన్నాం.

వాడి మీదే వాలుతుంది.