ఎడమ చెవికి రెండు గాట్లు

పొద్దుటి నుంచి ఎండలో గొర్రెపిల్లల్ని పట్టిపట్టి భవాని చేతులు లాగేస్తున్నాయి. తండ్రి చెన్నయ్య ఒక్కో పిల్ల ఎడమ చెవికి రెండు గాట్లు పెడుతున్నాడు. త్రిపురాంతకం చుట్టుపక్కల ఏ మందలో కలిసినా, ఆ గాట్లు చూసి అది చెన్నయ్యదని చెప్పేస్తారు. కోసిన ముక్కల్ని దొడ్డి వాకిట్లోనే పాతిపెట్టాలి. బయటికి పోతే మందకు మంచిది కాదని వాళ్ల నమ్మకం.

నాలుగేళ్ల కిందట, హైదరాబాదులో పీహెచ్‌డీ చేస్తున్న కూతురి కోసం చెన్నయ్య ఆ నమ్మకాన్ని పక్కన పెట్టాడు. మూతివాపు రోగం ఊళ్ల మందల్ని ఊడ్చేసినా అతని గొర్రెలు కొన్ని తట్టుకున్నాయి. వాటి పిల్లల చెవి ముక్కల నుంచి భవాని ల్యాబులో కణాలు పెంచింది. ఆ కణాలున్న సీసాల మీద తండ్రి పేరే రాసింది. దీని మీద పెద్ద ప్రాజెక్టు వస్తుందని, అందులో పీహెచ్‌డీ తర్వాత చేసే పోస్ట్‌డాక్ ఉద్యోగం ఆమెదేనని ప్రొఫెసర్ మురళీధర్ మాటిచ్చాడు. మంద మేపేవాళ్లకు మాటే పత్రం. ఆ అలవాటుతోనే ఆమె కాగితం అడగలేదు. రెండేళ్లు మార్కాపురంలో ఇంటర్ పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ కాచుకుంది.

ప్రాజెక్టు వచ్చింది. ఉద్యోగం మురళీధర్ మేనల్లుడు ఆనంద్‌కు పోయింది. సీసాల మీద చెన్నయ్య పేరు పోయి మురళీధర్ పేరు వచ్చింది. ఈ సంగతులు ఆమెకు చెప్పింది, ఇప్పుడే ఐసు పెట్టెతో కారు దిగిన ఆనందే. పాత కణాలు చచ్చిపోయాయట, కొత్త ముక్కలు కావాలట. ఆమెకు అన్నీ తెలుసనుకుని చెప్పేశాడు పాపం.

ఆ వెంటనే మురళీధర్ ఫోన్ చేశాడు. ముక్కలు పంపితే వచ్చే ఏటి ఖాళీ ఆమెదేనన్నాడు. తన సిఫారసు ఉత్తరం లేకుండా ఏ ల్యాబూ తీసుకోదని కూడా గుర్తు చేశాడు. అది నిజమే. వచ్చే ఏడాది కూడా పోతే ఇలాంటి ఉద్యోగాలకు ఆమెకు వయసు దాటిపోతుంది. గొర్రెలు కాచుకునే తండ్రి ఏనాడూ మాట తప్పలేదు, ఇంత చదువుకున్నవాడు తప్పాడు.

అంతా విన్న చెన్నయ్య కత్తి తుడుచుకుంటూ అన్నాడు.

"ఒకరి గాటు మీద ఇంకో గాటు పెట్టినోడికి మా మందల కాడ నీళ్లు గూడా పోయరు. కానీ నీకు ఉద్యోగం కావాల గదమ్మా. ఒకసారి ఇచ్చినోణ్ణి, ఇంకోసారి ఇయ్యలేనా? తీస్కపొమ్మను."

ఆ మాటకు భవానికి కన్నీళ్లాగలేదు. ముక్కలున్న గిన్నె తీసుకుని లేచింది. ఆనంద్ పెట్టె మూత తీసి ముందుకు జరిపాడు.

"ఈసారి ఇయ్యం నాయనా," అంది తండ్రితో.

పెట్టె దాటి దొడ్డి వాకిట్లోకి పోయి గడ్డపార అందుకుంది. నేల గట్టిగా ఉంది. చెన్నయ్య వచ్చి ఆమె చేతిలోంచి గడ్డపార తీసుకుని తవ్వాడు. ముక్కల్ని పూడ్చి, ఇంకా పన్నెండు పిల్లలున్నాయని చెప్పి మళ్లీ కత్తి పట్టాడు.

ఆమె ఫోన్ మళ్లీ మోగసాగింది, మురళీధరే. భవాని గొర్రెపిల్లను రెండు చేతులతో పట్టుకుంది.