రాయమల్లు పేరు మీద

లింగమూర్తి సారు పేర్లన్నీ చదివి కాగితం మడిచేదాకా కనకవ్వ చెవి అటే పెట్టి కూర్చుంది. నలభై రెండు పేర్లు. తన భర్త పేరు వాటిలో రాలేదు.

అది 2010. గోదావరిఖని పక్కన మూతపడ్డ ఒక పాత బొగ్గుబాయి దగ్గర, దాన్ని మొట్టమొదట తవ్వినవాళ్ల పేర్లతో రాయి నిలబెట్టాలని రిటైరైన కార్మికులు అనుకున్నారు. బడిపంతులుగా చేసి దిగిపోయిన లింగమూర్తి సారు పాత హాజరు పట్టీలు వెతికి జాబితా రాశాడు. చెక్కే పని అస్గర్‌కు అప్పజెప్పారు. ఉలి పెట్టకముందే తప్పులుంటే చెప్పమని ఆ ఆదివారం అందరినీ పిలిచి చదివి వినిపించారు.

కనకవ్వ లేచి నిలబడింది. "సారూ, మా ఇంటాయన పేరు రాలే."

"ఏం పేరు అవ్వా?"

ఆమె నోరు తెరిచి ఆగిపోయింది. పెళ్లైన నాటి నుంచి మొగుని పేరు పైకి పలికింది లేదు. ఆయన పోయి ఆరేళ్లయినా ఆ అలవాటు పోలేదు. కొంగు సర్దుకుని, నేల చూస్తూ, "కొమురెల్లి" అంది.

సారు మళ్లీ వెతికాడు. ఆ పేరు లేదు. కొమురెల్లితో ఇరవై ఏళ్లు ఒకే షిఫ్టులో పనిచేసిన ఎల్లన్న అందుకున్నాడు. "రాయమల్లు అని చదివిండ్రు గద వదినే. అది మనోడే."

ఆ రోజుల్లో ఒకరికి వచ్చిన పని చిట్టి మీద ఇంకొకరు, వాళ్ల పేరుతోనే పనిలో చేరడం జరిగేది. కొమురెల్లి అలా రాయమల్లు అనే మనిషి చిట్టి పట్టుకుని బాయిలోకి దిగాడు. ఇంట్లో కొమురెల్లి, డ్యూటీలో రాయమల్లు. ముప్పై రెండేళ్లు అలాగే గడిచాయి. రాతి మీద మాత్రం అసలు పేరే ఉండాలంది కనకవ్వ.

"నేను చేరెటాల్లకే వాడు రాయమల్లు," అన్నాడు ఎల్లన్న. "చిట్టి మారిన సంగతి చూసినోళ్లు ఎవరూ లేరు."

"రాతి మీద పడ్డంక మల్ల చెరగది అవ్వా," అన్నాడు సారు. "తెలిసినోళ్లు ఒక్కరన్న చెప్పాలె."

"ఆ రాయమల్లు ఉన్నడట. నేను తోల్కొస్త," అంది కనకవ్వ.

మర్నాడు పెద్దపల్లి బస్సెక్కింది. అక్కడ ఆటో పట్టుకుని, భర్త ఎప్పుడో చెప్పిన ఊరు అడుక్కుంటూ వెళ్లింది. రాయమల్లు వాకిట్లో మంచం మీద కూర్చుని కందులు ఏరుతున్నాడు.

"నీ చిట్టి మీద బాయిల దిగినాయన పెండ్లాన్ని," అంది.

ఆయన చేతులు ఆగాయి. కోడలు దగ్గర్లో లేదని చూసుకుని, ఆమెను కూర్చోమన్నాడు. వచ్చిన పని విన్నాక కందులు పక్కకు నెట్టాడు.

"తొట్టిల కూసోబెట్టి దింపుతుండ్రు. సగం దిగంగనే పైన వెలుతురు పైసంత అయింది. ఇరవై రెండేండ్ల మొగోణ్ని, మొత్తుకున్న చెల్లే. పైకి గుంజిండ్రు. మీ ఆయన చిట్టి లేక నాలుగు దినాలసంది గేటుకాడ నిలబడ్డడు. నాది ఆయన చేతుల పెట్టి ఇంటి తొవ్వ పట్టిన. పని దొరకలేదని ఊర్లె చెప్పిన."

"ఇంట్ల ఎవరికీ తెల్వదా?"

"తెల్వది."

ఆయన ఇది ఇంట్లోవాళ్ల దగ్గర కూడా దాచి ఉంటాడని కనకవ్వకు తట్టనేలేదు. గట్టిగా అడిగి తీసుకుపోదామనే వచ్చింది. ఆయన ముఖం చూశాక ఆ పట్టు సడలింది. "నీ ఇజ్జత్ తీసుడు నాకెందుకన్న. వద్దంటె పోత," అని లేచింది.

"కూసో. బువ్వ తిని పో," అన్నాడు. ఆమె తింటుండగా, "ఆదివారం నేనే వస్త," అన్నాడు.

అన్నట్టే వచ్చాడు. కోడలే చెయ్యి పట్టుకుని నడిపించింది. అందరి ముందు నిలబడి, ఏదీ దాచకుండా చెప్పాడు. వెనక ఎవరో నవ్వారు.

"నేను గూడ మొదటి దినం ఏడ్చిన," అన్నాడు ఎల్లన్న అటు తిరిగి. ఇంకెవరూ నవ్వలేదు.

సారు జాబితాలో రాయమల్లు పేరు కొట్టేయబోయాడు. ఎల్లన్న అడ్డం వచ్చాడు. "ఆగుండ్రి సారూ. మేమంత రాయమల్లన్న అనే పిలిచినం. గా పేరు తీసేస్తె మాకు వాడు యాడ దొరుకుతడు?"

అందరూ కనకవ్వ వైపు చూశారు. ఆమె సారు వైపు తిరిగింది. "రెండూ ఉండనీయుండ్రి."

అస్గర్ రాతి మీద జానలు పెట్టి కొలిచాడు. "రెండు లైన్లు పడ్తది అవ్వా. కింద చెక్కాలనుకున్న దీపం బొమ్మకు జాగ ఉండది."

"బొమ్మ లేకుంటె ఏమాయె," అన్నాడు సారు. అలాగే చెక్కారు: 'కొమురెల్లి, రాయమల్లు పేరు మీద పనిచేసినవాడు.'

రాయి నిలబెట్టిన రోజు కూడా రాయమల్లు వచ్చాడు. సిమెంటుతో మూసేసిన బాయి నోటి దగ్గర కొంతసేపు నిలబడ్డాడు. తిరిగి బస్సు కోసం నడుస్తుంటే కనకవ్వ అడిగింది. "అడుగుకు పోతె ఎట్లుంటదన్న?"

"సగమే పోతిని, నాకేం తెలుసు? మీ ఆయన చెప్పలేదా?"

"నేనే అడగలే. డ్యూటీ నుంచి వచ్చినంక నీళ్లు తోడుడు, బువ్వ పెట్టుడు, గంతే."

వెనకే వస్తున్న ఎల్లన్న, "నన్నడుగు వదినే, నేను చెప్త," అన్నాడు.

రాయమల్లూ కోడలూ బస్సెక్కి వెళ్లిపోయాక, వాళ్లిద్దరూ అక్కడే అరుగు మీద కూర్చున్నారు. ఎల్లన్న మొదటి షిఫ్టు నుంచి మొదలుపెట్టాడు.