ఫాదర్ గారి జలుబు

బాలశౌరి మోకు విప్పి, గెడను బురదలో గుచ్చి, పడవను రేవులోంచి నెట్టబోతుండగా ఫాదర్ గారు తుమ్మారు.

ఒంటి తుమ్ము. బాలశౌరి విప్పిన మోకును మళ్ళీ కట్టేశాడు.

“ఏమైందండీ?”

“ముడి సరిగా లేదండీ,” అని గట్టు మీదికి దిగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి వచ్చాడు.

తుమ్ముకు జడిసి ఆగడం విశ్వాసులకు తగదని పోయిన ఆదివారం ప్రసంగంలో చెప్పింది ఈ ఫాదర్ గారే. అందరికంటే గట్టిగా తల ఊపింది బాలశౌరే. అయితే తల ఊపినంత తేలిగ్గా పడవ తియ్యలేడు కదా. వరసగా రెండు తుమ్మితే దోషం లేదు. మైలవరం నుంచి కొత్తగా వచ్చి, ఏటిగాలి పడని ఆ మహానుభావుడేమో పొదుపుగా ఒక్కొక్కటే తుమ్ముతున్నారు. రెండోసారి తెరచాప తాడు వదులైందన్నాడు. మూడోసారి తెడ్డు మర్చిపోయానన్నాడు, చేతిలో తెడ్డు పట్టుకునే. ఈలోగా నాగాయలంక రేవులో నిండిన పోటు తిరిగి, నీళ్ళు సముద్రం వైపు లాగడం మొదలైంది.

మీసం నల్లగా ఉన్నప్పటి నుంచీ బాలశౌరి ఏటి మధ్య లంకకు పెళ్ళివారిని దింపుతున్నాడు గానీ ఒక్క పెళ్ళీ పూర్తిగా చూడలేదు. ఉంగరాలు మార్చుకునే వేళకు నీళ్ళు తగ్గిపోతాయని వెనక్కి తిరిగేవాడు. తిన్న పెళ్ళిభోజనాలన్నీ పొట్లాలే. అలాంటి మనిషిని, లంకలో ఉండే ఫిలిప్ తన కూతురి జ్ఞానస్నానానికి, పిల్లను ఎత్తుకునే జ్ఞానతండ్రిగా నిలబడమన్నాడు. ఫిలిప్ బావమరిది సురేష్‌కు విజయవాడలో సెలవు దొరక్క తనను అడిగారని బాలశౌరికి తెలుసు. ఆ ముక్క మాత్రం భార్య తెరేసమ్మకు చెప్పలేదు. ఆవిడ మురిసిపోయి మంగళగిరి పంచె కొనిపెట్టింది. ఫాదర్ గారు ఇంజను పడవలో వస్తానంటే, జ్ఞానతండ్రి పడవ ఉండగా అదేం మాటని ఇతనే పట్టుబట్టాడు.

చివరికి రెండు తుమ్ములు జంటగా వచ్చాయి. బాలశౌరి తెరచాప ఎత్తేశాడు.

గాలి బాగానే అందింది. లంక కనిపించింది, గుడిగంట వినిపించింది, అప్పుడు పడవ మెత్తగా మేటలో కూర్చుంది. ఎంత గెడ వేసినా కదల్లేదు. నీళ్ళు తీసి చుట్టూ బురద తేలింది. పీతలు బయటికొచ్చి వీళ్ళను చూశాయి.

ఫిలిప్ మోకాలి లోతు బురదలో కాళ్ళీడ్చుకుంటూ వచ్చాడు. “మీరు నా భుజమెక్కండి ఫాదర్ గారూ. మావా, నువ్వూ రా.”

“పడవొదిలి ఎట్టా వత్తానురా? పోటొత్తే లంగరున్నా కొట్టుకుపోద్ది. ఇంకెవర్నన్నా నిలబెట్టుకోండి,” అన్నాడు బాలశౌరి. కొత్త పంచె కుచ్చిళ్ళు పైకి దోపుకున్నాడు.

“ఇంత ఆలస్యం ఎందుకైందండీ అసలు?” అన్నారు ఫాదర్ గారు.

“తమరు తుమ్మారండీ.”

“ప్రసంగంలో చెప్పాను కదండీ!”

“చెప్పారండీ. ప్రసంగంలో తుమ్మలేదు గందాండీ తమరు.”

ఫాదర్ గారు నవ్వాపుకోలేక పడవ అంచు పట్టుకున్నారు. తర్వాత, “ఫిలిప్, పాపను ఇక్కడికే తీసుకురండి,” అన్నారు.

లంకంతా బురదలో నడిచొచ్చింది. తాగే నీళ్ళ డబ్బాలోంచి నీళ్ళు నెత్తిన పడగానే పాప బ్లెస్సీ తుమ్మింది. ఒంటి తుమ్మే. ఊరంతా బాలశౌరి వంక చూసింది.

“కానియ్యండి ఫాదర్ గారూ,” అన్నాడు బాలశౌరి, పిల్లను ఇంకాస్త దగ్గరికి పొదువుకుని.

ఆఖరి ఆమేన్ దాకా ఉన్నాడు. వేడివేడి బిర్యానీ పళ్ళెంలో తిన్నాడు, ఇంకొంచెం అడిగి వేయించుకున్నాడు. ఫాదర్ గారు ఫిలిప్ భుజమెక్కి ఒడ్డుకు వెళ్ళిపోయారు. అందరూ వెళ్ళాక బాలశౌరి లంగరు వేసి, చుక్కానికి చేరగిలబడి కళ్ళు మూసుకున్నాడు. ఇంత సంతోషం అతనికి ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రం పోటు వచ్చి పడవ తేలింది.

“మావా, నీళ్ళొచ్చినయ్! లెగు!” ఒడ్డు నుంచి కేకేశాడు ఫిలిప్. మళ్ళీ కేకేశాడు. తర్వాత ఈదుకుంటూ వచ్చి, బాలశౌరి చెయ్యి పట్టుకుని, చల్లగా తగిలేసరికి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చుక్కాని పిడికి, తడవకుండా తగిలించి, బ్లెస్సీ మర్చిపోయిన పసుప్పచ్చ ఊలు టోపీ ఉంది.