పన్నెండు లాకర్లు, ఒక్క గుత్తి

మా సర్కారు ఆసుపత్రిని ఊడ్చి తుడిచే కాంట్రాక్టు ఒకాయనది. అందుకోసం వేరే దేశం నుంచి పన్నెండు మంది ఆడవాళ్లను తెచ్చుకున్నాడు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల చేతిలోనే ఉండాలన్నది కాంట్రాక్టులో తొమ్మిదో షరతు. అది అమలవుతోందో లేదో చూడటం నా ఉద్యోగం.

వాళ్లుండే గదిలో గోడ పొడవునా పన్నెండు కొత్త లాకర్లు. రంగు ఇంకా ఆరలేదు. నా మోచేతికి అంటుకుంది కూడా.

"మనిషికో లాకరు మేడమ్! ఎవరి పాస్‌పోర్టు వాళ్ల లాకర్లోనే ఉంది," అన్నాడు కాంట్రాక్టరు మీసం దువ్వుకుంటూ.

"అయితే ఎవరిది వాళ్లు తెరవండమ్మా," అన్నాను.

ఒక్కరూ కదల్లేదు. పన్నెండు జతల కళ్లూ ఆయన నడుం వైపు తిరిగాయి. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకుంటాడంటారు; ఈయన బెల్టు తడుముకున్నాడు. చొక్కా కింద తాళాల గుత్తి ఘల్లుమంది.

"అమాయకులు మేడమ్. పారేసుకుంటారని నేనే దాచాను," అని నసిగాడు.

నాకు ఒళ్లు మండింది. గుత్తి లాక్కుని వాళ్లకిచ్చేసి, మళ్లీ చెయ్యి చాపాను.

"మీ కారు తాళం కూడా ఇటివ్వండి. మీరూ పారేసుకుంటారేమో, నేను దాస్తాను."

"అయ్యో! మరి నేను ఇంటికెలా వెళ్లేది మేడమ్?"

నేను నోరు తెరిచేలోపే, తుడుపుకర్ర పట్టుకున్న పెద్దావిడ అందుకుంది.

"రెండేళ్ల నుంచీ మేమూ నిన్ను అదే అడుగుతున్నాం కదా బాబూ!"