తెల్లారేదాకా మెత్తగా

మారిషస్‌లోని మా బ్రిజే వెర్దియేర్‌లో నా కేకుని 'ఇసుక' అనేవాళ్ళు. నా మొహం మీద అనేవాళ్ళు కాదు. చుట్టూ చెరుకు తోటలు, మధ్యలో నాలుగు వీధులు ఉన్న ఊళ్ళో ఆ అవసరం లేదు. గుడి దగ్గర అన్న మాట మధ్యాహ్నానికల్లా మా వంటింట్లోకి వచ్చేస్తుంది. వినగానే నాకు ఒళ్ళు మండేది. అయితే పేరు పెట్టినవాళ్ళని తప్పు పట్టలేను. వాళ్ళు తిని మరీ పెట్టారు.

మా గుడిలో శ్రీరామనవమికి రాత్రంతా రామభజన జరుగుతుంది. దీపం చుట్టూ తిరుగుతూ పాడతారు. ప్రసాదం సాయంత్రమే దీపం ముందు పెట్టేస్తారు, తెల్లారి హారతి అయ్యాక పంచుతారు. ఆ ప్రసాదం చేసేది మా అత్తగారు బాలమ్మ. ఆవిడకు ముందు ఆవిడ అత్తగారు చేసేది. డేక్సా నిండా రవ్వ హల్వా, కలపడానికి తెడ్డంత గరిటె. అలాంటిది, రెండేళ్ళ కిందట మా అత్తగారి చేతులు వణకడం మొదలైంది. గరిటె పట్టుకుంటే జారిపోయేది. పోనీ నేను కలుపుతానని దిగితే హల్వా అంతా ఉండలు కట్టింది. నా హల్వా గురించి ఇంతకంటే చెప్పను.

నేను రోజ్‌హిల్ పట్నంలో పుట్టి పెరిగాను. పెళ్ళికి ముందు అక్కడ వంట క్లాసులో కేకులు నేర్చుకున్నాను. అందుకని పోయిన ఏడు పెద్దల ముందుకెళ్ళి, హల్వా బదులు కేకు చేస్తానన్నాను. భజన నడిపించే రామానుజం గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుని, "కేకు ప్రసాదమెట్లా అవుద్ది అమ్మాయ్? అందులో గుడ్డు ఉంటది గదా" అన్నారు. గుడ్డు వెయ్యనన్నాను. "రుచి చూడకూడదు, తెలుసునా? దేవుడి కంటే ముందు నీ నాలిక తగలకూడదు." తెలుసన్నాను. అప్పుడు మా అత్తగారు, "మా కోడలు చేస్తది. చెయ్యనియ్యండి" అంది. దాంతో అందరూ ఒప్పుకున్నారు.

గుడ్డు తీసేశాను గాని దాని చోట ఏం వెయ్యాలో ఆలోచించలేదు. సాయంత్రం ముక్కలు కోసి పళ్ళెంలో అందంగా పేర్చి దీపం ముందు పెట్టాను. రాత్రంతా దీపం వేడికి, గాలికి అవి ఎండిపోయాయి. పొద్దున రామానుజం గారు ఒక ముక్క నోట్లో వేసుకుని దగ్గడం మొదలుపెట్టారు, మంగళం పాట సగంలో ఆగిపోయింది. పిల్లలు జేబుల్లో వేసుకుని వెళ్ళి కోళ్ళకు విసిరారు. మా అత్తగారొక్కతే తన ముక్కని పళ్ళు లేని చిగుళ్ళతో నలిపి నలిపి, మధ్యమధ్య నీళ్ళు తాగుతూ, అందరి ఎదుటా ఆఖరి పొడి దాకా తినింది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆ వారంలోనే పెద్దల నిర్ణయం తెలిసింది. ఇంకొక్క ఏడు చూస్తారట. ఈసారీ ఇట్లాగే అయితే ప్రసాదం అంకమ్మ ఇంటికి ఇచ్చేస్తారట. అంకమ్మ చెడ్డదేం కాదు, హల్వా బ్రహ్మాండంగా చేస్తుంది. కాని అది మా అత్తగారి పని. ఆవిడ జీవితంలో నగలడగలేదు, చీరలడగలేదు, ఎవరి దగ్గరా ఏదీ చెయ్యి చాపి అడగ్గా నేను చూడలేదు. ఆవిడకు తనదంటూ ఉన్నది ఆ ఒక్కటే. అది నా చేతుల్లోంచి పోతుందంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఈ ఏడు మార్చిలో మారిషస్‌కి స్వాతంత్ర్యం వచ్చింది. నవమి నాటికి కూడా గుడి అరుగు మీద కొత్త జెండా నాలుగు రంగుల కాగితాలు వేళ్ళాడుతూనే ఉన్నాయి. ఊరంతా జెండా గురించి మాట్లాడుకుంటుంటే నేను బొగ్గుల కుంపటి ముందు కూర్చున్నాను. మా ఇంట్లో ఓవెన్ లేదు. డేక్సాలో పిండి పోసి, కింద సన్నసెగ పెట్టి, మూత మీద నిప్పులు పరిచి కాల్చాలి.

వెన్న ఎక్కువ వేసి చూశాను. చేతికంతా జిడ్డు అంటింది గాని కేకు మాత్రం పొడిపొడిగానే రాలింది. పాలు పెంచాను. పైన మాడింది, మధ్యలో పచ్చిగా ఉంది. పెరుగులో సోడా వేసి కలిపాను. బుసబుసా పొంగింది, వేడి మీద దూదిలా ఉంది. ఆహా అనుకున్నాను. తెల్లారి చూస్తే మళ్ళీ పాత ఇసుకే. నాకు కావలసింది వేడి మీద మెత్తదనం కాదు, తెల్లారేదాకా ఉండే మెత్తదనం.

ఇంకో చిక్కు కూడా ఉంది. నవమి నాటి కేకు ముట్టకూడదు, సరే, ఈ ముందు కేకుల రుచి ఎవరు చూస్తారు? మా అత్తగారు నవమి దీక్షలో పాలూ పండూ తప్ప ముట్టదు. మా ఆయన దాసుకి పోర్ట్ లూయీలో ప్రభుత్వ ఉద్యోగం, పొద్దున్నే బస్సెక్కుతాడు. వంట గురించి ఆయన నోట్లోంచి వచ్చే మాట ఒక్కటే: బావుంది. ఉప్పు మరచిపోయిన పప్పూ బావుంటుంది, మాడిన రొట్టే బావుంటుంది. అలాంటి మొగుడు దొరకడం అదృష్టమని అందరూ అంటారు. రుచి చూడడానికి మాత్రం దండగ. పక్కింటి మోనిక్‌ని అడిగితే, వాళ్ళ కరేమ్ ఉపవాసాలు నడుస్తున్నాయంది. ఈస్టర్ దాకా తీపి తిననని మొక్కుకుందట. పాపం, వేలితో నొక్కి చూసి, వాసన పీల్చి, కళ్ళు మూసుకుని నిట్టూర్చింది.

ఇక నేనే చూడాలి. నేనూ దీక్షలోనే ఉన్నాను, రోజంతా ఏమీ తినకుండా దీపాలు పెట్టాక ఒక్క పూట తింటాను. ఒక రోజు పెరుగు కేకుకి అరటిపండు చేర్చి కాల్చి, రాత్రంతా ఉంచి, మర్నాడు సాయంత్రం ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. అమృతం! అలాంటి కేకు రోజ్‌హిల్‌లో కూడా తినలేదు. మా ఆయనకు పెడితే "బావుంది" అన్నాడు. ఆ ఒక్కసారి నిజం చెబుతున్నాడనుకున్నాను. సంతోషం పట్టలేక ఒక ముక్క తీసుకుని మోనిక్ మొగుడు మార్సెల్‌కి ఇచ్చాను. మార్సెల్ చెరుకు లారీ నడుపుతాడు. కరేమ్‌లో తన వంతు ఉపవాసం కూడా మోనిక్ చేసేస్తుందని ఆయన ధీమా. అప్పుడే భోంచేసి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ముక్క నోట్లో వేసుకున్నాడు. దవడలు ఆగిపోయాయి.

"సెక్, మదామ్ దాసు, సెక్! దొన్ మ్వా దిలో!" అని గొంతు పట్టుకున్నాడు. మోనిక్ నీళ్ళు తెచ్చింది. తాగి, మూతి తుడుచుకుని, "ఎండిపోయింది మదామ్. మీరేం తిని రుచి చూశారు?" అని అడిగాడు.

"ఏమీ తినలేదు. పొద్దుటి నుంచి ఉపవాసం."

మార్సెల్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఆకలి మీద మా లారీ చక్రం పెట్టినా తినేస్తారు గదా!"

కోపం వచ్చింది. తరవాత నాకే నవ్వొచ్చింది. ఇన్నాళ్ళూ నేను నా ఆకలిని రుచి చూస్తున్నాను. ఆ రోజు నుంచి మార్సెల్ నా నాలుక అయ్యాడు. కడుపు నిండిన మనిషి, మొహమాటం లేని మనిషి. ఆయన చెప్పిన చిట్కా ఒకటే, కొంచెం రమ్ము పొయ్యమని. ప్రసాదంలో రమ్మా! మోనిక్ చేతిలో గరిటె చూసి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నవమి దగ్గర పడింది. లబుతిక్‌కి, అంటే మా ఊరి చీనా కొట్టుకి, పంచదార కోసం వెళ్ళాను. తెల్ల పంచదార అయిపోయిందన్నాడు కొట్టతను. ఈ నెలంతా ఊళ్ళో విందులేనట, వచ్చే వారం గాని రాదట. వంట క్లాసులో కేకంటే తెల్ల పంచదారే. మిల్లు నుంచి వచ్చే ఎర్ర పంచదార అందరి ఇళ్ళలోనూ ఉంటుంది, పొద్దున టీలో వేసుకోవడానికి. తడితడిగా, ముద్దలు కట్టి, డబ్బా అడుగున అంటుకుపోయి ఉంటుంది. చెరుకు కోసేవాళ్ళు టీలో వేసుకునే చక్కెరని దేవుడి కేకులో ఎట్లా వెయ్యాలి? ఇంటి గుమ్మం దిగితే చెరుకు తోటలో అడుగుపెట్టే ఊళ్ళో, పరాయి దేశం నుంచి ఓడలో వచ్చిన చక్కెర లేదని ఏడవబోయిన దాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

వేరే దారి లేక ఆ ఎర్ర పంచదారే చేత్తో చిదిపి వేశాను. పెరుగు, బాగా మగ్గిన చిన్న అరటిపళ్ళు ఉండనే ఉన్నాయి. పోయిన ఏడు వేసిన సెంటు బుడ్డి వాసన సబ్బులా ఉందని రామానుజం గారన్నది గుర్తొచ్చి, అది మానేసి యాలకులు దంచి వేశాను, కొబ్బరి కోరు కలిపాను. కేకు నల్లగా వచ్చింది. చూడగానే ఉసూరుమనిపించింది. ఈసారి ముక్కలు కొయ్యకుండా మొత్తంగా రాత్రంతా వదిలేశాను. పొద్దున కోస్తే కత్తికి తడి అంటింది.

మార్సెల్ ముక్క నోట్లో వేసుకున్నాడు. నీళ్ళడగలేదు. నమిలి మింగి, పళ్ళెం తన వైపు లాక్కున్నాడు.

"నల్లగా ఉంది కదా, మిస్యే మార్సెల్?"

"నేనూ నల్లగానే ఉన్నాను. మోనిక్ ఏమన్నా అంటోందా?" అన్నాడు మూడో ముక్క తీసుకుంటూ. మోనిక్ మాత్రం ఈస్టర్‌కి ఎన్నాళ్ళుందో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది.

నవమి నాడు తలస్నానం చేసి అలాగే కలిపాను, అలాగే కాల్చాను. రుచి చూడలేదు. సాయంత్రం కేకులు మొత్తంగానే తీసుకెళ్ళి దీపం ముందు పెట్టాను. ఆ నలుపు చూసి అంకమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మా అత్తగారు దీపం పక్కన చాప మీద కూర్చుని తాళం వేస్తూ, ఒక్కసారి కేకు వైపు చూసి, మళ్ళీ పాటలో కలిసిపోయింది. ఆ రాత్రి నేను దేవుణ్ణి ఏం అడిగానో చెబితే నవ్వుతారు. ఆరోగ్యం, ఐశ్వర్యం అడగలేదు. తడి ఆరకుండా చూడు స్వామీ అన్నాను.

తెల్లారింది. హారతి అయింది. కత్తి దించాను. తడి అంటింది. యాలకుల వాసన గుప్పున లేచింది. ముందు రామానుజం గారికి పెట్టాను. రాత్రంతా పాడి ఆయన గొంతు బొంగురుపోయి ఉంది. కళ్ళు మూసుకుని నోట్లో వేసుకున్నారు. ఆయన దగ్గలేదు. మింగి, గొంతు సవరించుకుని, మంగళం ఎత్తుకున్నారు. ఈసారి చివరిదాకా పాడారు. అంకమ్మ తిని, "మెత్తగుంది పిల్లా. కొంచెం తీపెక్కువ" అంది. అంకమ్మ దగ్గర అది వరం కింద లెక్క.

పిల్లలు జేబుల వైపు చెయ్యి పోనివ్వలేదు. వరస చివర మా అత్తగారు వచ్చింది. వణుకుతున్న కుడి అరచేతిని ఎడమ చేత్తో పట్టుకుని చాపింది. ముక్క పెట్టాను. అక్కడే నిలబడి తినింది. ఈసారి నీళ్ళు అడగలేదు. చిగుళ్ళ మీదే కరిగిపోయినట్టుంది. చెయ్యి కళ్ళకద్దుకుంది. ఇక వెళ్ళిపోతుందనుకున్నాను.

వెళ్ళలేదు. ఆ చెయ్యి మళ్ళీ నా ముందుకు చాపింది.

మా గుడిలో ప్రసాదం రెండోసారి ఎవరూ అడగరు. చిన్నపిల్లలు అడిగినా తల్లులు కసురుతారు. రామానుజం గారు పాట పుస్తకం మూస్తూ ఆశ్చర్యంగా చూసి, "వదినా, ప్రసాదం రెండోసారి అడుగుతున్నావా!" అన్నారు.

మా అత్తగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "మొదటిది దేవుడిది. అది తిన్నాను" అంది. "ఇది నా కోడలిది."

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. పళ్ళెంలో ఉన్నవాటిలో పెద్ద ముక్క వెతికి ఆవిడ చేతిలో పెట్టి, వణకకుండా ఆ చేతిని నా రెండు చేతులతో పట్టుకున్నాను. ఆవిడ తాపీగా, ఆఖరి పొడి దాకా తినింది.