ఆరుగురి టెంటుకి వాన కవరు

ఆ షాపులో ఆవిడని అందరూ టెంటు మేడమ్ అంటారు. పన్నెండేళ్లుగా టెంట్లు అమ్ముతోంది మరి. అడవికి పోయేవాళ్లూ, కొండెక్కేవాళ్లూ, పిల్లల పోరు పడలేక నది ఒడ్డుకి బయల్దేరేవాళ్లూ అందరూ మొదట ఆవిడ ముందు నిలబడి చీవాట్లు తినాల్సిందే. తిన్నాకే టెంటు ఇస్తుంది. ఆవిడ మాత్రం ఒక్క రాత్రి కూడా టెంటులో పడుకున్న పాపాన పోలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ గురువారం మధ్యాహ్నం వచ్చింది ఆవిడ మరదలు, అంటే తమ్ముడి భార్య. చేతిలో చిన్న నోటుబుక్కు, పెన్ను.

"మొదటిసారి వెళ్తున్నాం వదినా. ఏది తీసుకోవాలో మీరే చెప్పండి, రాసుకుంటాను."

"ఎంతమంది?"

"మేమిద్దరం, పిల్లలిద్దరు, మా నాన్న. ఐదుగురి టెంటు చాలు కదా?"

టెంటు మేడమ్ నవ్వింది. ఈ ప్రశ్న కోసమే ఆవిడ పొద్దున్నే తలదువ్వుకుని వస్తుంది.

"అమ్మాయ్, టెంటు మీద రాసిన అంకె మనుషుల లెక్క కాదు. ఇస్త్రీ చేసి మడతపెట్టిన మనుషుల లెక్క. ఐదుగురిది అంటే ఐదుగురూ బ్యాగులు బయట పడేసి, తెల్లారేదాకా ఒకేవైపు తిరిగి పడుకుంటే సరిపోతుందని. మీ నాన్నగారు రాత్రి రెండుసార్లు లేస్తారు. లేచిన ప్రతిసారీ ఎవరో ఒకరి పొట్ట తొక్కుతారు. ఆరుగురిది తీసుకో."

మరదలు రాసుకుంది. టెంటు మేడమ్ ఇక ఆగలేదు. వేసవిలో అయితే దోమతెర గుడ్డ ఎక్కువున్నది కావాలి, లేకపోతే లోపల ఉడికిపోతారు. గాలి కొట్టే చోటికైతే పొట్టిగా, గుండ్రంగా ఉండేది మేలు. గదిలా ఎత్తుగా నిలబడేది ఫోటోలకి బావుంటుంది, గాలి వస్తే మాత్రం అదే ముందు పడుకుంటుంది. వాన సంగతైతే టెంటు మీద వేసే కవరు చూడాలి. అది నేల దాకా దిగాలి. మోకాళ్ల దాకా ఉన్న కవరు కొనుక్కోవడం కంటే గొడుగు పట్టుకుని కూర్చోవడం నయం.

"వానొస్తుందంటారా?"

"వస్తే రానీ. ఈ ఆరుగురి టెంటులో ఒక్క చుక్క దిగితే నన్నడుగు."

ఆరుగురి టెంటు స్టాకులో లేదు. షాపు మధ్యలో వేసి ఉంచినది ఒక్కటే మిగిలింది. అలా చూపించడానికి వేసినవాటి మీద వాన కవరు వెయ్యరు, వేస్తే లోపలేముందో జనానికి కనపడదు. ఆ కవర్లన్నీ వెనక స్టోరులో ఒక అరలో, ఏది దేనిదో చీటీ కట్టి పెడతారు. టెంటు అమ్ముడుపోయినప్పుడు కవరు తెచ్చి సంచిలో పెట్టాలి. రాడ్లు, మేకులు, తాళ్లు, కవరు అన్నీ లెక్క చీటీలో వరసగా టిక్కు పెట్టి కింద సంతకం చెయ్యాలి. ఈ పద్ధతి పెట్టింది టెంటు మేడమే. పోయిన నెల మేకుల పొట్లం ఒకటి మర్చిపోయినందుకు కొత్తగా చేరిన అమ్మాయిని కస్టమర్ల ముందే కడిగి ఆరేసింది కూడా.

ఆ రోజు టెంటు విప్పి మడతపెడుతూ ఆవిడ ఏం చేస్తోందంటే, మరదలి మతిమరుపు కథ చెబుతోంది. మరదలు కాపురానికొచ్చిన కొత్తలో బస్సులో బట్టల సంచి మర్చిపోయి, దాన్ని తేవడానికి వెళ్లి పర్సు మర్చిపోయి వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఆమెకి మరుపురాణి అని పేరు. పెట్టింది వదినగారే. షాపులో అమ్మాయిలు పడీ పడీ నవ్వారు. మరదలు కూడా నవ్వింది, నోటుబుక్కు చూపించి "అందుకే ఇది!" అంది. ఆ నవ్వుల్లోనే టెంటు మేడమ్ లెక్క చీటీ మీద టిక్కులన్నీ పెట్టేసి సంతకం గీకింది.

"ఇంటికెళ్లి ఒకసారి విప్పి చూసుకో," అంది సంచి అందిస్తూ.

శనివారం సాయంత్రం నది ఒడ్డున వాన పట్టుకుంది. పొద్దున్నించీ ఎండ మాడ్చేసింది కాబట్టి కవరు సంగతి ఎవరికీ తట్టలేదు. చినుకులు పడ్డాక సంచి వెతికితే కవరు లేదు. పైనంతా దోమతెర గుడ్డే. ఐదు నిమిషాల్లో పక్కలు, బట్టలు, మనుషులు ముద్దయిపోయారు. ఐదుగురూ కారులో ముడుచుకుని తెల్లారేదాకా కూర్చున్నారు. మరదలి తండ్రికి జ్వరం వచ్చింది.

ఈ సంగతులేవీ టెంటు మేడమ్‌కి తెలియవు. సోమవారం పొద్దున ఇంకేదో కోసం స్టోరులోకి వెళ్లింది. అరలో బూడిదరంగు కవరు ఒకటి కూర్చుని ఉంది. దానికి కట్టిన చీటీ మీద తన చేతిరాతే: ఆరుగురిది, చూపించడానికి వేసింది.

ఆవిడకి చచ్చినంత పనైంది. వెంటనే ఫోన్ చేద్దామని తీసింది. అంతలో అదే మోగింది. తమ్ముడు.

"అక్కా, నీకు మొహం చూపించలేను. నువ్వు అన్నీ సర్ది ఇస్తే, మా మరుపురాణి శుక్రవారం హాల్లో టెంటు విప్పి చూసి, కవరు ఎక్కడో పారేసింది. ఇల్లంతా తిరగేశాం, దొరకలేదు. మామయ్యకి జ్వరం. పిల్లలు ఇంక జన్మలో రామంటున్నారు."

ఇక్కడ నోరు తెరిచి ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. 'ఒరే, కవరు నా ముందే ఉందిరా.' ఐదు మాటలు. కానీ పన్నెండేళ్ల పేరు, పోయిన నెల ఏడ్చిన ఆ కొత్తమ్మాయి మొహం, సంతకం చేసిన చీటీ, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి.

"పోనీలేరా," అంది టెంటు మేడమ్. "జరుగుతుంటాయి. దాన్నేమీ అనకు."

తన తప్పుకి ఇంకొకరిని క్షమించేసింది! అంత గొప్పమనసు ఎవరికుంటుంది? ఫోన్ పెట్టేశాక ఆ కవరుని అరలో మిగతా కవర్ల వెనక్కి తోసింది. తోస్తున్న చెయ్యి తనదేనా అనిపించింది. తనదే.

బుధవారం పళ్లు కొనుక్కుని తమ్ముడింటికి వెళ్లింది, పెద్దాయన్ని పలకరించే వంకతో. చెప్పేయాలనే వెళ్లింది. దారిపొడుగునా మాటలు కూర్చుకుంది కూడా. మెట్లెక్కేసరికి ఒక్కటీ మిగల్లేదు.

మరదలి కళ్లు వాచి ఉన్నాయి. "ఆ కవరు నేను చేత్తో పట్టుకున్నట్టే గుర్తు వదినా. నీలంరంగు గుడ్డ. మడతపెట్టి పక్కన పెట్టాను. ఎక్కడ పెట్టానో అదే గుర్తు రావట్లేదు."

కవరు నీలం కాదు, బూడిదరంగు. ఆ పిల్ల చేతికి అది అందనేలేదు. లేని గుడ్డని తలచుకుని తలచుకుని రంగు కూడా వేసేసుకుంది. వదినగారు తేలు కుట్టిన దొంగలా కూర్చుంది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది," అంది మరదలు మెల్లిగా.

ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు. మరదలి తల్లి చివరి మూడేళ్లూ కన్నకూతుర్ని పట్టుకుని 'ఎవరమ్మా నువ్వు' అని అడుగుతూనే పోయింది.

అంతలో తమ్ముడు ఆఫీసు నుంచి వచ్చాడు. మరదలు లేచి వెళ్లి కారు తాళాలు తెచ్చి అతని చేతిలో పెట్టింది. "రేపట్నించి పిల్లల్ని మీరే స్కూల్లో దింపండి. నా మీద నాకు నమ్మకం లేదు. వెనక పిల్లలున్నారన్న సంగతే మర్చిపోతే?"

తమ్ముడు అక్క వైపు చూశాడు.

"మంచిదేలే. కొన్నాళ్లు రెస్టు తీసుకో," అంది అక్క.

ఆ మాట అని ఇంటికి వచ్చిన దగ్గర్నుంచి ఆవిడకి ముద్ద దిగలేదు. అద్దంలో తల దువ్వుకోబోయి, తన మొహం తనే చూడలేక దువ్వెన పక్కన పడేసింది. షాపులో ఎవరో ముసలావిడ వచ్చి నలుగురికి ఏ టెంటు మంచిదని అడిగితే, "మీకేది తోస్తే అది తీసుకోండి" అంది. అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

శుక్రవారం మరదలు ఫోన్ చేసింది. "వదినా, రేపు మతిమరుపు డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. ఆయనకి చెప్పలేదు, భయపడతారు. తోడుగా ఎవరినైనా తీసుకురమ్మన్నారు. మీరు రాగలరా? నాకు ఇంకెవరున్నారు?"

"వస్తాను," అంది.

శనివారం పొద్దున షాపు తాళాలు తీసిచ్చి అటునుంచి అటే ఆసుపత్రికి వెళ్లింది. గోడవారగా ప్లాస్టిక్ కుర్చీలు. ఎవరో పెద్దాయన తన చెప్పులు తనవేనా అని కొడుకుని అడుగుతున్నాడు. మరదలు చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చుంది, పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలా.

నర్సు వచ్చి ఒక కాగితం టెంటు మేడమ్ చేతికిచ్చింది. "మీరే కదా తోడు వచ్చింది? ఇది మీరు నింపాలి. పేషెంటు నింపకూడదు."

కాగితం మీద మొదటి ప్రశ్న: మతిమరుపు ఎప్పటినుంచి గమనించారు? ఒక ఉదాహరణ రాయండి.

"టెంటు కవరు సంగతి రాయండి వదినా. అదే పెద్దది. బస్సులో సంచి సంగతి కూడా రాయండి, పాతదైనా పర్లేదు."

టెంటు మేడమ్ పెన్ను మూత తీసింది. పోయిన శుక్రవారం అని రాయబోయింది. పెన్ను మూత మళ్లీ పెట్టేసింది.

"నువ్వు మర్చిపోలేదు," అంది కాగితం వైపే చూస్తూ.

"ఏంటి వదినా?"

"ఆ కవరు నీకు ఇవ్వనేలేదు. నేనే సంచిలో పెట్టలేదు. మా స్టోరులోనే ఉంది. బూడిదరంగుది. నువ్వు దాన్ని చూడనేలేదు అమ్మాయ్."

మరదలు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు, రెండూ చేస్తోంది.

"అయితే నాకేం కాలేదన్నమాట! అమ్మలాగ కాదన్నమాట!"

"నీకేం కాలేదు. నువ్వు బంగారంలా ఉన్నావు."

"ఎప్పుడు దొరికింది వదినా?"

"పొద్దున. షాపు తీసినప్పుడు."

ఎలా వచ్చిందో నోట్లోంచి ఆ మాట జారిపోయింది. టెంటు మేడమ్ నాలుక కరుచుకునేలోపే మరదలు ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అందుకేనా వచ్చినప్పట్నించీ మొహం అలా పెట్టుకున్నారు! నేనింకా నా మీద కోపమేమో అనుకున్నాను. ఇంత చిన్నదానికి అంత కుమిలిపోతారా? మనుషులన్నాక మర్చిపోరా? ఇంకొకరైతే పేరు పోతుందని దాచేసేవాళ్లు. మీరు కాబట్టి కనపడగానే పరుగెత్తుకొచ్చి చెప్పారు."

ఆ చెయ్యి వెచ్చగా ఉంది. వదిలించుకుంటే బావుండుననిపించింది, వదిలించుకునే హక్కు కూడా లేదనిపించింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు. ఇద్దరూ కాఫీ తాగి, నవ్వుకుంటూ ఇంటికి పోవచ్చు. తమ్ముడి ముందు మరదలే వదినగారి మంచితనం గురించి ఊదరగొడుతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. ఇంక బతికినన్నాళ్లూ ఈ పిల్ల తనని మెచ్చుకుంటూనే ఉంటుంది. ఆ మెప్పునే ఆవిడ భరించలేకపోయింది.

"సోమవారం," అంది.

"ఏం సోమవారం?"

"దొరికింది సోమవారం పొద్దున. మీ ఆయన ఫోన్ చేసినప్పుడు నా ఎదురుగానే ఉంది. సిగ్గేసి చెప్పలేదు. తర్వాత దాన్ని వెనక్కి తోసి దాచేశాను."

మరదలి చెయ్యి వదులైంది. వెంటనే తియ్యలేదు, కాసేపటికి తీసుకుంది. నర్సు ఇంకెవరినో పిలిచింది. చెప్పుల పెద్దాయన లేచి కొడుకు వెనకాలే లోపలికి వెళ్లాడు.

"బుధవారం నేను తాళాలు ఆయన చేతిలో పెడుతుంటే మీరు అక్కడే ఉన్నారు కదా వదినా?"

"ఉన్నాను."

"మంచిదేలే అన్నారు."

"అన్నాను."

అరిస్తే బావుండును. నలుగురిలో నానా మాటలూ అంటే, తలొంచుకుని పడేది. మరదలు లేచి కౌంటరు దగ్గరికి వెళ్లి, తన నంబరు కొట్టెయ్యమంది. తిరిగొచ్చి కుర్చీలోంచి చేతిసంచీ తీసుకుని, జిప్పు సరిగ్గా వేసుకుంది.

"పద, ఇంటి దగ్గర దింపుతాను," అంది టెంటు మేడమ్ లేవబోతూ.

కాపురానికి వచ్చిన ఇన్నేళ్లలో మరదలు ఆవిడని వదినా అని తప్ప ఇంకోలా పిలిచింది లేదు. కోపమొచ్చినా వదినే, జ్వరమొచ్చినా వదినే.

"వద్దండీ," అంది మరదలు. "నేను బస్సులో వెళ్తాను."